ఫైవ్, సిక్స్, సెవెన్, ఎయిట్

"ఫైవ్, సిక్స్, సెవెన్, ఎయిట్" అని ఎవరైనా కాస్త గట్టిగా అంటే చాలు, ఒకప్పుడు స్టూడెంట్ జాజ్ గ్రూపులో డాన్స్ చేసినవాళ్ల వెన్ను ఇప్పటికీ దానంతటదే నిటారవుతుంది. పాట పేరు మరిచిపోయి ఉండొచ్చు, డ్రెస్ రంగు మరిచిపోయి ఉండొచ్చు. ఆ లెక్క తర్వాత డాన్స్ మొదలయ్యే "వన్" మీద ఏ కాలు ముందుకు పడాలో మాత్రం ఒళ్లు మరిచిపోదు. క్యాసెట్లు, వాటి వెనకే సీడీలు నడిచిన కాలంలో ఒక జాజ్ ఐటమ్ ఎలా తయారయ్యేదో, ఎక్కడ చెడేదో, ఎందుకు చెడేదో తలుచుకుంటే ఒక్కొక్కటిగా అన్నీ గుర్తొస్తాయి. ఇప్పుడు పాట, వీడియో రెండూ ఫోన్‌లోనే ఉంటున్నాయి కాబట్టి కొన్ని పనులు తేలికయ్యాయి. చెడే చోట్లు మాత్రం దాదాపు అవే.

క్లాసు ఎప్పుడూ ఐసొలేషన్లతోనే మొదలు. ఒళ్లంతా కదలకుండా ఉంచి ఒక్క భాగాన్నే కదపడం. ముందు తల: కుడికి, మధ్యకి, ఎడమకి, మధ్యకి, ఒక్కోదానికి రెండు కౌంట్లు, అంటే పాటలో రెండు బీట్లు. తర్వాత భుజాలు, ఆ తర్వాత పక్కటెముకలు, చివరికి నడుము. మొదట రెండు కౌంట్లకొకటి, తర్వాత కౌంటుకొకటి, చివర్లో అరకౌంటుకొకటి. అందరూ తడబడేది పక్కటెముకల దగ్గరే. ఛాతీని పక్కకి జరపమంటే భుజం పైకి లేస్తుంది, లేదా నడుము కూడా వెంట వస్తుంది. చేతులు నడుము మీద గట్టిగా ఆన్చి, తుంటి ఎముకలు రెండూ అద్దానికి ఎదురుగా ఉన్నాయో లేదో చూసుకుంటూ చేస్తే రెండు మూడు వారాలకి అర్థమయ్యేది. ఆ పదిహేను నిమిషాలూ చాలామందికి విసుగ్గా ఉండేవి. తీరా స్టేజి మీద భుజం ఒక్కటే కదిలి మిగతా ఒళ్లు రాయిలా నిలబడినప్పుడు, చివరి వరుసలో కూర్చున్నవాళ్లకి కూడా ఆ కదలిక స్పష్టంగా కనిపించేది. జాజ్‌కి ఆ పదును వచ్చేది అక్కడినుంచే.

ఆ వార్మప్‌లో ఎంతమంది చేయి ఉందో అప్పట్లో తెలియకుండానే చేసేవాళ్లం. జాజ్ మూలాలు ఆఫ్రికన్ అమెరికన్ల సామాజిక నృత్యాల్లో ఉన్నాయి. అమెరికన్ నర్తకి క్యాథరీన్ డన్హమ్ 1935-36లో కరీబియన్ దీవులకి వెళ్లి, అక్కడి నృత్యాలని మానవశాస్త్ర విద్యార్థిగా దగ్గరుండి చూసి, తిరిగొచ్చాక తన సొంత పద్ధతి తయారుచేసింది. ఐసొలేషన్లు అందులో పెద్ద భాగం. స్టేజి జాజ్‌కి మూలపురుషుడని చెప్పే జాక్ కోల్ భరతనాట్యం కూడా నేర్చుకున్నాడు. 1930ల చివర్లో ఆ అడుగుల్నీ హస్తాల్నీ స్వింగ్ సంగీతానికి కలిపి ఆడించాడు. మోకాళ్లు వంచి నేలకి దగ్గరగా కూర్చోవడం, కంటిచూపు చేతిని అనుసరించడం జాజ్ క్లాసులో నేర్పినప్పుడు, చిన్నప్పుడు అరమండి వేసినవాళ్లకి అది ఎక్కడో తెలిసినట్టే అనిపించడంలో ఆశ్చర్యం లేదు. లూయిజీ అనే పేరుతో అందరూ పిలిచిన జాజ్ గురువుకి 1946లో కారు ప్రమాదంలో ఒక పక్క పక్షవాతం వచ్చింది. తనని తాను నిలబెట్టుకోవడానికి ఆయన కల్పించుకున్న వ్యాయామాలే తర్వాత పూర్తి పద్ధతి అయ్యాయి. గాల్లో ఊహించుకున్న కమ్మీని రెండు చేతులతో కిందికి నొక్కుతున్నట్టు నిలబడమనేది ఆయన చెప్పిందే. తిరుగుళ్లలో తూలేవాళ్లకి ఇంతకన్నా మంచి సలహా లేదు.

పాట ఎంచుకోవడం అంటే ముందు లెక్క. నిమిషానికి 128 బీట్లున్న పాట మూడు నిమిషాలు నడిస్తే 384 బీట్లు, వాటిని ఎనిమిదేసి చొప్పున లెక్కపెడితే 48 ఎనిమిదులు. ఒక తెల్లకాగితం మీద 48 గీతలు గీసి, పాట వింటూ పక్కన రాసుకునేవాళ్లం: నాలుగు ఎనిమిదులు ఇంట్రో, ఎనిమిది పల్లవి, ఎక్కడ డ్రమ్స్ ఆగుతాయి, ఎక్కడ ట్రంపెట్ ఒక్కటే అరుస్తుంది, ఎక్కడ ఒక ఎనిమిదికి బదులు నాలుగే ఉన్నాయి. ఆ నాలుగు కౌంట్ల తోక దొరక్కపోతే అక్కడినుంచి కొరియోగ్రఫీ అంతా పాటకి అడ్డంగా పోతుంది. గంటన్నర క్లాసులో కొత్తగా నాలుగు ఎనిమిదులు నేర్పితే స్టూడెంట్లకి సరిపోతుంది. అంటే 48 ఎనిమిదులకి పన్నెండు క్లాసులు. దాదాపు అన్నే క్లాసులు మళ్లీ శుభ్రం చేయడానికి కావాలి. ఆ రెండో సగం తగ్గించుకున్న గ్రూపుని స్టేజి మీద చూడగానే గుర్తుపట్టొచ్చు. స్టెప్పులన్నీ ఉంటాయి, ఏ ఒక్కటీ ముగియదు.

పాట నాలుగున్నర నిమిషాలుంటే కోయాలి. రెండు క్యాసెట్ డెక్కులు పక్కపక్కన పెట్టి, ఒకదాంట్లో పాట ఆడుతుంటే ఇంకోదాంట్లో రికార్డ్, పాజ్ రెండూ నొక్కి ఉంచి, సరిగ్గా "వన్" మీద పాజ్ వదలాలి. బటన్ వదిలాక టేపు కదలడానికి ఒక్క క్షణం పడుతుంది కాబట్టి బీటుకి వెంట్రుకవాసి ముందే వదలాలి. అది కుదరకపోతే ఏడు కౌంట్ల ఎనిమిది ఒకటి పుట్టేది. కొన్ని గ్రూపులు దాన్ని సరిచేయలేక, ఆ ఎనిమిదిని ఏడుగానే నేర్చుకుని ఆడేసేవి! రికార్డింగ్ బాగా వచ్చాక క్యాసెట్ పైఅంచున ఉండే ప్లాస్టిక్ పలక విరిచేయాలి, లేకపోతే ఎవరో ఒకరు దానిమీదే ఇంకేదో రికార్డ్ చేస్తారు. కాపీలు మూడు: ఒకటి టీచర్ దగ్గర, ఒకటి సౌండ్ మనిషి దగ్గర, ఒకటి సంచిలో. ప్రతి కాపీలోనూ పాట సరిగ్గా మొదలయ్యే చోటికి టేపు తిప్పి ఉంచాలి.

టేపురికార్డర్లన్నీ ఒకే వేగంతో తిరగవన్న సంగతి మొదటిసారి హాల్లో తెలిసేది. నూటికి మూడు పాళ్లు వేగంగా తిరిగే డెక్కు మీద మూడు నిమిషాల పాట ఐదు సెకన్ల ముందే అయిపోతుంది. వినడానికి తేడా పెద్దగా తెలియదు, శ్రుతి కాస్త పెరిగినట్టుంటుంది అంతే. కానీ మోకాలు నేలకి ఆన్చి లేచే స్టెప్‌కి ఆ కాస్త సమయం కూడా చాలదు. సీడీలొచ్చాక వేగం గొడవ పోయింది, నేల అదిరితే ప్లేయర్ గెంతడం మొదలైంది. పన్నెండు మంది ఒకేసారి ఎగిరి దిగే చోట ప్లేయర్‌ని అదే చెక్క నేల మీద పెట్టకూడదు.

ఇక స్టెప్పులు. జాజ్ స్క్వేర్ చూడటానికి చిన్నపిల్లల ఆట: కాలు అడ్డంగా ముందుకి, ఇంకో కాలు వెనక్కి, పక్కకి, ముందుకి, నాలుగు కౌంట్లు. మొదటి అడుగు పెద్దదిగా వేస్తే, వెనక్కి వేసే అడుగు దాన్ని పూడ్చలేదు. ఒక్కో స్క్వేర్‌కి ఆరంగుళాలు ముందుకి జారితే నాలుగు స్క్వేర్లకి రెండడుగులు. ముందు వరుస లైటు దాటి బయటికి పోతుంది. కిక్-బాల్-చేంజ్‌లో తన్ను "వన్" మీద, ముని పాదం "అండ్" మీద, బరువు మార్పు "టూ" మీద. తన్ను ఎత్తుగా వేయాలని ఉబలాటపడితే "అండ్" ఆలస్యమవుతుంది. మోకాలికింద ఆగే చిన్న తన్ను చాలు. వెనక కాలి మడమ నేలకి తగిలినా అంతే, బరువు వెనక్కి వెళ్లిపోయి తిరిగి రావడానికి అరకౌంటు తింటుంది. పా ద బురే అనే స్టెప్పులో మూడడుగులు, వెనక్కి, పక్కకి, ముందుకి. రెండో అడుగు తుంటి వెడల్పు దాటితే దాని వెంట వచ్చే తిరుగుడు మొదలవకముందే పక్కకి ఒరుగుతుంది.

ఒంటికాలి మీద గిర్రున తిరిగే పిరౌట్ మీద స్టూడెంట్లకి ఉండే మోజు ఎప్పటికీ తగ్గదు. జాజ్‌లో ఇది మోకాలు ముందుకే చూస్తూ, బొటనవేలు రెండో మోకాలి పక్కన ఆన్చి చేసేది. తిరిగే ముందు మోకాళ్లు వంగాలి, నేలని తోసి నిటారుగా పైకి లేవాలి, ఆ తర్వాతే తిరగాలి. చాలామంది లేవకముందే భుజంతో తిప్పేస్తారు, అందుకే వెనక్కి పడతారు. కన్ను ఎదురుగా ఒక చుక్క మీద పెట్టి, ఒళ్లు తిరుగుతున్నా తలని వీలైనంత సేపు అక్కడే ఆపి, చివర్లో చటుక్కున తిప్పి మళ్లీ అదే చుక్కని పట్టుకోవాలి. ఎనిమిది మంది ఒకే కౌంటు మీద ఒక్క చుట్టు శుభ్రంగా తిరిగి ఆగితే హాలు చప్పట్లు కొడుతుంది. వాళ్లే రెండు చుట్లకి పోయి ఎనిమిది రకాలుగా దిగితే, ఎంత కష్టపడ్డా అది గుంపుగానే కనిపిస్తుంది. రెండు చుట్లు నిజంగా వచ్చిన ఒక్కరిద్దరు ఉంటే, వాళ్లని మధ్యలో నిలబెట్టి మిగతావాళ్లని పోజ్‌లో ఉంచడమే మేలు.

గ్రూప్ ఐటమ్‌లో అసలు కష్టం ఆగడం. తన్నడం, ఎగరడం, తిరగడం అందరికీ ఇష్టమే. "ఫోర్" మీద చేయి బాణంలా చాచి, "ఫైవ్, సిక్స్" రెండు కౌంట్లు కదలకుండా ఉండమంటే వేళ్లు వణుకుతాయి, కళ్లు పక్కకి పోతాయి, తర్వాతి స్టెప్ తొందరపెడుతుంది. శుభ్రం చేసే రిహార్సల్స్ అన్నీ దీనికోసమే. పాట ఆపి, కౌంటు మీద ఒక్కో స్టెప్ దగ్గర ఆపి, వరుస వెంట నడుస్తూ చూస్తే తెలుస్తుంది: ఒకరి చేయి భుజం ఎత్తున, ఇంకొకరిది చెవి ఎత్తున, ఒకరి అరచెయ్యి కిందికి, ఒకరిది ముందుకి. తల ఎటు చూడాలో నేర్పేటప్పుడే చెప్పకపోతే పన్నెండు మంది పన్నెండు వైపులు చూస్తారు. చేయి ఎక్కడ ఆగాలన్నదే కాక, ఏ దారిన వెళ్లాలో కూడా తేల్చాలి. పక్కనుంచి గుండ్రంగా వచ్చే చేయి, ఛాతీ ముందునుంచి సూటిగా వచ్చే చేయి ఒకే చోట ఆగినా, దారిలో రెండూ వేరుగా కనిపిస్తాయి. ఇలా ఒక ఎనిమిదికి ముప్పావుగంట పట్టిన రోజులుండేవి. ఆ ఓపిక ఉన్న టీచర్ల చేతిలో మామూలు స్టెప్పులు కూడా మెరిసిపోయేవి.

అద్దం సంగతి వేరే చెప్పాలి. చివరి మూడోవంతు రిహార్సల్స్ అద్దానికి వీపు పెట్టి చేయించాలి, లేదా అద్దానికి గుడ్డ కప్పాలి. అద్దంలో పక్కవాళ్లని చూసుకుంటూ వరుస నిలబెట్టుకునే అలవాటు పడితే, స్టేజి మీద ఎదురుగా చీకటి తప్ప ఏమీ ఉండదు. వరుసని కంటి కొసతో పట్టుకోవడం నేర్చుకోవాలి. గది దిశ మారగానే సగంమంది తప్పు గోడ వైపు తిరగడం మామూలే. వాళ్లు నేర్చుకున్నది "కుడి వైపు" అని కాదు, "కిటికీ వైపు" అని. అందుకే మొదటి రోజునుంచీ స్టేజి కుడి, స్టేజి ఎడమ (ప్రేక్షకుల వైపు తిరిగి నిలబడినవాళ్ల కుడి, ఎడమ) అనే మాటల్లోనే నేర్పాలి.

స్టేజి కొలతలు ముందే తెచ్చుకుని క్లాసు నేల మీద అంటించే టేపుతో గీసుకునేవాళ్లం. ముందు అంచున నడిమికి సున్నా, అక్కడినుంచి రెండు వైపులా రెండడుగులకొక అంకె. "మూడో అంకె మీద నిలబడు" అంటే వాదన ఉండదు. వెనక వరుస ముందువాళ్ల సందుల్లో కనిపించాలి. నాలుగేసి మంది మూడు వరుసలైతే మధ్య వరుస సగం అడుగు దూరం పక్కకి జరిగితే చాలు అనుకుంటారు, చాలదు. ఇద్దరి మధ్య దూరంలో సరిగ్గా సగం జరగాలి. ఒక ఫార్మేషన్ నుంచి ఇంకోదానికి వెళ్లే ఎనిమిదిలో ఎవరు ఎవరి ముందునుంచి వెళ్లాలో కూడా కొరియోగ్రఫీలో భాగమే. అది తేల్చకపోతే ఇద్దరు ఎదురెదురుగా వచ్చి ఒకరికొకరు దారిచ్చుకుంటూ నిలబడిపోతారు. ఎక్కువ దూరం వెళ్లేవాళ్లకి పొడుగు కాళ్లవాళ్లని పెట్టడం చిన్న విషయమే కానీ చాలా పని చేస్తుంది. అలలా వరుస తర్వాత వరుస మొదలుపెట్టే చోట, రెండో వరుస ఎప్పుడూ ముందే కదులుతుంది. కారణం, ముందువాళ్లని చూసి కదలడమే. వాళ్లకి వాళ్ల సొంత "వన్" ఇవ్వాలి, చూపుకి కాక చెవికి పని చెప్పాలి.

బూట్లు కొత్తవైతే ప్రదర్శనకి కనీసం వారం పది రోజుల ముందునుంచి తొడుక్కోవాలి. మధ్యలో చీలిన అట్ట ఉన్న మెత్తని జాజ్ బూట్లు పాదం వంపుని చక్కగా చూపిస్తాయి, కానీ కొత్త తోలు గట్టి నేల మీద జారుతుంది. తడిగుడ్డ మీద అడుగు ఒత్తి వెళ్తే కాసేపు పట్టు ఉంటుంది. పరిచిన వినైల్ నేల మీద పట్టు కోసం వాడే రోజిన్ పొడి చల్లకూడదు, అది జిగటగా పేరుకుని మోకాలు తిరగనివ్వదు. లేసులు ముడివేసి లోపలికి దోపేయాలి. డ్రెస్ వేసుకుని ఒక్కసారైనా ఐటమ్ మొత్తం పూర్తి బలంతో చేయనిదే దాన్ని నమ్మకూడదు. అద్దం ముందు బాగున్న ప్యాంటు మొదటి ఎత్తు తన్నుకి కుట్లు వదులుతుంది. చమ్కీలు పక్కవాళ్ల జుట్టుని పట్టుకుంటాయి. టోపీ ఉంటే లోపల ఎలాస్టిక్ కుట్టి, జుట్టుకి పిన్నులతో బిగించాలి. అమెరికన్ కొరియోగ్రాఫర్ బాబ్ ఫాస్సీ ప్రభావంతో టోపీ, చేతి తొడుగులు, లోపలికి తిప్పిన మోకాళ్లు లేని స్టూడెంట్ ప్రోగ్రాం అరుదుగా ఉండేది. టోపీ తీసి విసిరే చోట చెమట చేతులు మోసం చేస్తాయి కాబట్టి తొడుగులతోనే సాధన చేయాలి, అవి లేకుండా చేస్తే పట్టు వేరుగా అలవాటవుతుంది.

హాల్లో టెక్నికల్ రిహార్సల్ రోజు అందరికీ విసుగు, కానీ దాన్ని తప్పించుకున్న గ్రూపు ఫలితం అనుభవిస్తుంది. స్పీకర్లు ప్రేక్షకుల వైపు తిరిగి ఉంటాయి. స్టేజి మీదవాళ్లకి వినిపించేది చాలావరకు హాలు వెనక గోడ నుంచి తిరిగొచ్చిన శబ్దం. గోడ 20 మీటర్ల దూరంలో ఉంటే వెళ్లి రావడానికి సెకనులో దాదాపు తొమ్మిదోవంతు. నిమిషానికి 120 బీట్ల పాటలో అది పావు బీటు. ముందు వరుస గోడ శబ్దానికి, వింగ్స్ (స్టేజికి రెండు పక్కలా తెరల చాటు) దగ్గరవాళ్లు పక్క స్పీకర్‌కి ఆడితే గ్రూపు రెండుగా చీలుతుంది. అందుకే స్టేజి వైపు తిప్పిన స్పీకర్లు రెండైనా అడిగి పెట్టించుకోవాలి. లైట్లాయనకి ఎనిమిదుల కాగితం ఒక కాపీ ఇవ్వాలి: పన్నెండో ఎనిమిదిలో "వన్" మీద నీలం, ఇరవైలో పక్క లైట్లు, చివర్లో బ్లాకౌట్. "ఆ పాట గట్టిగా అయ్యే చోట" అని చెబితే ఆయన ఊహకి వదిలేసినట్టే. తిరుగుళ్లకి చూపు ఆనించే చుక్క చీకట్లో ఉండదు, హాలు వెనక వెలిగే దీపం ఏదైనా ముందే ఎంచి అందరికీ అదే చెప్పాలి. ఆ రోజుల్లో ముఖం మీద వెచ్చదనం తెలియకపోతే లైటులో లేనట్టే లెక్క, అరడుగు జరిగితే చాలేది.

ప్రదర్శన రోజు వార్మప్ చేసి, మేకప్ వేసుకుని గంటసేపు కూర్చుంటే ఒళ్లు మళ్లీ చల్లబడుతుంది. మన ఐటమ్‌కి రెండు ఐటమ్‌ల ముందు లేచి, వింగ్స్ వెనక చీలమండలు, మోకాళ్లు, తుంటి కదిపి, పది చిన్న గెంతులు వేసి ఉండాలి. ప్రేక్షకులు మీకు కనిపిస్తున్నారంటే వాళ్లకి మీరూ కనిపిస్తున్నారని ప్రతి టీచరూ చెప్పేదే, ప్రతిసారీ ఎవరో ఒకరు తెర పక్కనుంచి తొంగిచూసేదే. గుండె వేగం పెరిగినప్పుడు పాట నెమ్మదిగా వినిపిస్తుంది, కాళ్లు పాట కంటే ముందు పరుగెడతాయి. డ్రమ్స్ ఆగే చోట ఇది మరీ ఎక్కువ. ముందు మధ్యలో నిలబడేవాళ్లు "ఎయిట్" మీద పక్కవాళ్లకి వినపడేలా ఊపిరి పీల్చాలని ముందే అనుకుంటే, ఆ ఊపిరి మొత్తం వరుసని పట్టి ఆపుతుంది.

తప్పు చేస్తే ఏం చేయాలో కూడా ముందే మాట్లాడుకోవాలి. స్టెప్ మరిచిపోతే తల పక్కకి తిప్పకూడదు, నిటారుగా నిలబడి తర్వాతి "వన్" మీద కలవాలి. టోపీ పడితే అది ఎవరి దారిలోనూ లేకపోతే వదిలేయాలి, ఉంటే దగ్గరున్నవాళ్లు కిందికి వంగే తర్వాతి స్టెప్‌లో తీసుకోవాలి. బూటు ఊడితే వింగ్స్ వైపు తన్నేయాలి, దానిమీద కాలు పడితే చీలమండ మడత పడుతుంది. పాట ఆగిపోతే మధ్యలో ఉన్నవాళ్లు వినపడేలా కౌంటు చెబుతూ కొనసాగించాలి. చాలాసార్లు హాలు చప్పట్లతో బీటు అందుకునేది, అలాంటి గ్రూపుల్ని జనం ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకునేవాళ్లు. ఆ రోజు ఒకరికి జ్వరమొస్తే ఫార్మేషన్లన్నీ మార్చడానికి పూనుకోకూడదు. ముందు వరుసలో ఖాళీ అయితే ఆ పక్క వెనకవాళ్లని అక్కడికి తెచ్చి, ఖాళీని వెనక్కి నెట్టేస్తే సరిపోతుంది.

చివరి పోజ్ మీద లైట్లు ఆరినా ఇంకో నాలుగు కౌంట్లు కదలకూడదు, ఎందుకంటే బ్లాకౌట్ బటన్ ఆలస్యం కావచ్చు, వెంటనే లైట్లు మళ్లీ వెలగొచ్చు. అప్పటికి సగంమంది లేచి ఉంటే మూడు నిమిషాల కష్టం పాడైపోతుంది. ఎవరు ఏ వైపు వింగ్స్‌లోకి వెళ్లాలో ముందే పంచుకోవాలి. సున్నాకి కుడివైపువాళ్లు కుడికి, ఎడమవాళ్లు ఎడమకి, వెనక వరుస ముందు కదలాలి. బయటికొచ్చాక ఫొటోల కోసం పరుగెత్తకుండా ఐదు నిమిషాలు పిక్కలు, తొడల వెనక కండరాలు సాగదీస్తే మర్నాడు మెట్లు దిగగలుగుతారు. నేలమీది టేపు ఆ రాత్రే పీకేయాలి, వదిలేస్తే జిగురు ఎండి తర్వాతి గ్రూపు బూట్లకి అడ్డం పడుతుంది.